స్టార్ పరీక్ష పోయిందా? టెక్సాస్ హైస్కూల్ డిప్లొమా చేతికి రావాలంటే వరసగా చేయాల్సిన పనులు

ఏప్రిల్ వస్తే చాలు, నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడు ట్వెల్త్ గ్రేడ్. క్రెడిట్లన్నీ అయిపోయాయి. ఇంగ్లిష్ టూ స్టార్ ఒక్కటే మూడుసార్లు పోయింది. డిప్లొమా ఇవ్వరట. ఇప్పుడేం చేయాలి?"

స్టార్ అంటే డిప్లొమా ఇవ్వడానికి ముందు టెక్సాస్ రాష్ట్రం పెట్టే పరీక్ష. అది పోయినా చేయగలిగినవి చాలానే ఉన్నాయి. కాకపోతే వాటిలో సగం తొమ్మిదో గ్రేడ్‌లోనో, అమెరికాలో దిగిన మొదటి వారంలోనో అడగాల్సినవి. స్కూల్ తనంతట తాను పిలిచి చెప్తుందని కూర్చుంటే ఆ గడువులు దాటిపోతాయి. అందుకే పనులన్నీ వరసలో పెట్టి రాస్తున్నాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లలో పిల్లలున్న మనవాళ్ల కోసం ఇది. వేరే రాష్ట్రాల్లో నియమాలు వేరు, వాటికి ఇది పనికిరాదు.

1. ముందు బాకీ లెక్క తేల్చండి

టెక్సాస్‌లో డిప్లొమాకి రెండు లెక్కలున్నాయి. ఒకటి క్రెడిట్లు, అంటే పాసైన కోర్సులకి స్కూల్ లెక్కలో పడే పాయింట్లు. కనీసం 22 కావాలి, ఎండార్స్‌మెంట్‌తో అయితే (అంటే ఒక రంగంలో అదనపు కోర్సులు చేస్తే) 26. రెండోది స్టార్ ఈఓసీ పరీక్షలు, అంటే కోర్సు చివర రాష్ట్రం పెట్టే పరీక్షలు. అవి ఐదు: ఆల్జీబ్రా వన్, బయాలజీ, ఇంగ్లిష్ వన్, ఇంగ్లిష్ టూ, యూఎస్ హిస్టరీ.

మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మన దగ్గర పదో తరగతి పబ్లిక్ పరీక్ష పాసైతే ఆ తరగతి పాసైనట్టే. ఇక్కడ అలా కాదు. క్లాసులో 'బి' వచ్చి క్రెడిట్ పడినా, అదే సబ్జెక్టు ఈఓసీ పోవచ్చు. రిపోర్ట్ కార్డులో 88 చూసి నిశ్చింతగా ఉన్న తండ్రికి, ఆ అమ్మాయి ఇంగ్లిష్ వన్ ఈఓసీ రెండేళ్లుగా బాకీ ఉందని పదకొండో గ్రేడ్‌లో తెలిసింది.

ఫలితంలో నాలుగు స్థాయులుంటాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. డిప్లొమాకి 'అప్రోచెస్' చాలు. పేరు చూసి 'ఇంకా దగ్గరికి వస్తున్నాడు, పాస్ కాలేదు' అనుకుని టెన్షన్ పడేవాళ్లున్నారు. అది పాసే.

స్కూల్ కౌన్సెలర్‌కి (పిల్లల కోర్సుల వ్యవహారం చూసే ఉద్యోగికి) ఒక ఈమెయిల్ పెట్టి ఇవి రాతపూర్వకంగా తెప్పించుకోండి:

- ఐదు ఈఓసీల్లో ఏవి పాస్, ఏవి బాకీ, ఏవి ఇంకా రాయలేదు
- ప్రతి బాకీ పరీక్ష ఎన్నిసార్లు రాశారు
- ఇప్పటికి ఎన్ని క్రెడిట్లు, ఇంకా ఎన్ని కావాలి
- మళ్లీ రాసే తేదీలు. మామూలుగా ఏప్రిల్, జూన్, డిసెంబర్ నెలల్లో ఉంటాయి

మళ్లీ రాయడానికి ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు. ఇంకో మాట. స్టార్ స్థానంలో 2027-28 నుంచి కొత్త పరీక్షలు తెచ్చేలా 2025లో చట్టం చేశారు. కాబట్టి చిన్న పిల్లలున్నవాళ్లు ఏటా ఆగస్టులో స్కూల్ టెస్టింగ్ కోఆర్డినేటర్‌ని ఒకసారి అడగండి.

2. ఇండియా నుంచి మధ్యలో వచ్చినవాళ్లు: మార్కుల కాగితాలు ముందు, మిగతావన్నీ తర్వాత

చాలామందికి తెలియని నియమం ఇది. టెక్సాస్ ప్రభుత్వ స్కూల్లో చేరకముందే ఒక కోర్సు వేరే చోట పూర్తయి, ఆ క్రెడిట్‌ని ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ) అంగీకరిస్తే, ఆ కోర్సు ఈఓసీ రాయాల్సిన పని లేదు. 'వేరే చోట' అంటే హైదరాబాద్ కావచ్చు, గుంటూరు కావచ్చు.

అంటే మీ అబ్బాయి అక్కడ తొమ్మిది, పది పూర్తిచేసి వచ్చి ఉంటే ఆల్జీబ్రా వన్, బయాలజీ, కొన్నిసార్లు ఇంగ్లిష్ వన్ కూడా బాకీలోంచి పోవచ్చు. యూఎస్ హిస్టరీ మాత్రం ఎలాగూ మిగులుతుంది.

చిక్కంతా కాగితంలోనే. మా అక్క కొడుకు కరీంనగర్‌లో తొమ్మిది పూర్తిచేసి, పది మధ్యలో జనవరిలో వచ్చాడు. చేతిలో ఉన్నది ఒక్క ప్రోగ్రెస్ కార్డు. అందులో 'మ్యాథ్స్' అని ఒక గడి, 'సైన్స్' అని ఒక గడి. దాన్ని చూసి ఇక్కడి స్కూల్ సైన్స్‌కి మామూలు ఎలెక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) క్రెడిట్ ఇచ్చి, వాణ్ని బయాలజీలోనూ ఆల్జీబ్రా వన్‌లోనూ మళ్లీ కూర్చోబెట్టింది. మేం పాత స్కూల్ నుంచి ఇంకో ఉత్తరం తెప్పించాం. లెటర్‌హెడ్ మీద జీవశాస్త్రం, భౌతికశాస్త్రం మార్కులు విడివిడిగా, వారానికి ఎన్ని పీరియడ్లో, ఏ పాఠాలు చెప్పారో రాసి, హెడ్‌మాస్టర్ సంతకం, గుండ్రటి స్టాంపు. పాఠ్యపుస్తకాల విషయసూచిక పేజీలు ఇంగ్లిష్‌లో జత చేశాం. మూడు వారాల్లో రెండు క్రెడిట్లూ మారాయి. వాటితోపాటే రెండు ఈఓసీలూ పోయాయి.

బయల్దేరకముందే అక్కడ చేయించుకోవాల్సినవి:

- 8, 9, 10 తరగతుల మార్కులు సబ్జెక్టు వారీగా, విడివిడిగా, లెటర్‌హెడ్ మీద, రెండు ప్రతులు
- పదో తరగతి పాసైతే బోర్డు మెమో, ఒరిజినల్
- టీసీ, బోనఫైడ్
- గణితం, సైన్స్, ఇంగ్లిష్ పుస్తకాల విషయసూచిక
- తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం

ఇక్కడికి వచ్చాక, క్రెడిట్లు నిర్ణయించేది డిస్ట్రిక్టే. చేరిన రోజు ఇచ్చిన షెడ్యూలే ఆఖరి మాట అనుకోకండి. 'ఫారిన్ ట్రాన్‌స్క్రిప్ట్ మళ్లీ పరిశీలించండి' అని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. కానీ అబ్బాయి ఈఓసీ రాయకముందే అడగండి.

3. హోమ్ లాంగ్వేజ్ సర్వేలో నిజం రాయండి

చేర్పించే రోజు ఒక ఫారం ఇస్తారు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లలు ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు అని. 'ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ రెండో భాషగా నేర్పే క్లాసులో) వేస్తారేమో, పేరు చెడిపోతుంది' అని చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే.

తెలుగు అని రాస్తే ముందు భాషా సామర్థ్య పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ మీడియంలో బాగా చదివినవాళ్లు దాన్ని దాటేస్తారు, ఏ ముద్రా పడదు. దాటలేకపోతే ఎల్‌పీఏసీ అనే కమిటీ సాయం నిర్ణయిస్తుంది: పాఠాల్లో తోడ్పాటు, ఈఓసీలో డిక్షనరీ లాంటి వెసులుబాట్లు.

అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. అమెరికా స్కూళ్లలో మూడేళ్లకు మించని, ఇంగ్లిష్ చదవడంలో టెల్పాస్ (ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు రాష్ట్రం పెట్టే భాషా పరీక్ష)లో ఇంకా పై స్థాయికి చేరని పిల్లలు ఇంగ్లిష్ వన్ కోర్సు పాసై ఈఓసీ మాత్రం తప్పితే, దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. ఇంగ్లిష్ టూకి ఈ మినహాయింపు లేదు. సర్వేలో ఇంగ్లిష్ అని రాసిన ఇంటికి ఇవేవీ దొరకవు.

4. ఫలితం పేజీని పూర్తిగా చదవండి

రాష్ట్ర కుటుంబ పోర్టల్‌లో ప్రతి పరీక్షకీ వివరమైన రిపోర్ట్ ఉంటుంది. లోపలికి వెళ్లడానికి ఒక యాక్సెస్ కోడ్ కావాలి, స్కూల్ ఇస్తుంది. పై గీత చూసి మూసేయకండి. కింద విభాగాల వారీగా ఎన్నింటికి ఎన్ని వచ్చాయో ఉంటుంది. ఇంగ్లిష్‌లో చదివే భాగం బాగుండి రాసే భాగంలో సున్నా ఉందనుకోండి, ఆ పిల్లకి కావాల్సిన ట్యూషన్ పూర్తిగా వేరు.

ఈఓసీ పోయినవాళ్లకు స్కూల్ అదనపు బోధన ఇవ్వాలి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం సబ్జెక్టుకి 15 లేదా 30 గంటలు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప గుంపులో నలుగురికి మించకూడదు. ఆ ఒప్పుకోలు కాగితం పుస్తకాల సంచిలో మీదాకా వస్తుంది. చదవకుండా సంతకం పెట్టకండి. ఇరవైమందిలో కూర్చున్న పిల్లాడికీ ముగ్గురిలో కూర్చున్న పిల్లాడికీ తేడా చాలా ఉంది.

5. మళ్లీ రాసే ముందు: సబ్జెక్టు వారీగా

ఇంగ్లిష్ వన్, టూ. మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇవే, కారణం గ్రామర్ కాదు. వ్యాసం. ఇక్కడి వ్యాసం సొంత అభిప్రాయాల వ్యాసం కాదు. ముందు ఒక భాగం చదివి, దాని మీద అడిగిన ప్రశ్నకు అందులోంచే ఆధారాలు చూపిస్తూ రాయాలి. పది పాయింట్లు దానికే. చదివిన కథని మళ్లీ చెప్పేస్తే సారాంశం అవుతుంది తప్ప జవాబు కాదు.

ఒక సాయంత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒకబ్బాయి ప్రాక్టీస్ రాస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. రఫ్ కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు నింపాడు. కంప్యూటర్‌లో ఎక్కించేసరికి ఓపిక అయిపోయింది. తెర మీది జవాబు పెట్టెలో టైప్ చేసింది ఐదు లైన్లు. మార్కులు ఆ ఐదు లైన్లకే. పరీక్ష మొత్తం ఆన్‌లైన్. రెండు వేళ్లతో టైప్ చేసే పిల్లలు ముందు నెల రోజులు రోజూ పావుగంట టైపింగ్ నేర్చుకోవాలి.

వ్యాసానికి వాడికి నేర్పిన వరస ఇది:

- ప్రశ్న ముందు చదువు, తర్వాత పాఠం
- జవాబుని ఒక్క వాక్యంలో పెట్టెలోనే టైప్ చెయ్
- పాఠంలోంచి రెండు చిన్న ముక్కలు కొటేషన్లలో తీసుకో
- ప్రతి ముక్క కింద 'ఇది నా మాటని ఎలా నిలబెడుతోంది' అని రెండు వాక్యాలు రాయి
- చివర ఐదు నిమిషాలు పెద్ద అక్షరాలు, ఫుల్‌స్టాప్‌లు చూసుకో

ఇలా పదిసార్లు రాయించండి. టీఈఏ (రాష్ట్ర విద్యాశాఖ) సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు, మార్కులు పడిన నమూనా జవాబులు ఉచితంగా ఉన్నాయి. తక్కువ మార్కులు పడిన జవాబుని కూడా చదివించి, ఎందుకు తగ్గాయో పిల్లల చేతే చెప్పించండి.

యూఎస్ హిస్టరీ. ఈ పరీక్ష 1877 తర్వాతి చరిత్ర మీద. ఇక్కడే పుట్టిన పిల్లలకు చిన్నప్పటినుంచి చెవిన పడ్డ పేర్లు, కొత్తగా వచ్చినవాళ్లకు బొత్తిగా తెలియవు. తారీఖులు బట్టీ పట్టించకండి. నేను 1965 దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడాది వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం దేశాల వారీ కోటాల పద్ధతిని తీసేసింది. మనలాంటివాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది ఆ తలుపు తెరుచుకోబట్టే. తమ ఇంటికి సంబంధించిన విషయం అనగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. అక్కడినుంచి వెనక్కి, 1964 పౌర హక్కుల చట్టం, 1954 బ్రౌన్ తీర్పు (స్కూళ్లలో నల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడం చెల్లదన్నది), 1930ల న్యూ డీల్ (ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ కార్యక్రమాలు), 1920లో మహిళల ఓటు హక్కు. గోడకి ఒక పొడవాటి కాగితం అంటించి, ఒక్కో సంఘటనకీ 'దేనివల్ల, దేనికి దారితీసింది' అని రెండు ముక్కలు రాయించండి.

ఆల్జీబ్రా వన్. లెక్క వచ్చిన పిల్లలు కూడా జవాబుని తెర మీద ఎక్కించడంలో తప్పుతారు. డెస్మోస్ క్యాలిక్యులేటర్ పరీక్షలోనే ఉంటుంది. దానితో గ్రాఫ్ గీయడం ముందే అలవాటు చేయించండి.

బయాలజీ. పదజాలం సమస్య. కార్డుల మీద ఒకవైపు ఇంగ్లిష్ పదం, రెండోవైపు బొమ్మ. అంతే.

6. బదులు స్కోర్లు: ఈఓసీకి మారుగా చూపించగలిగేవి

రాష్ట్రం కొన్ని పరీక్షల స్కోర్లని ఈఓసీకి మారుగా ఒప్పుకుంటుంది.

- ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష): ఆల్జీబ్రా వన్‌కి బదులు మ్యాథ్స్‌లో 530, ఇంగ్లిష్‌కి బదులు రీడింగ్ అండ్ రైటింగ్‌లో 480
- ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) పరీక్షలు: ఏపీ బయాలజీ, ఏపీ యూఎస్ హిస్టరీ, ఏపీ ఇంగ్లిష్‌లలో 3 వస్తే ఆ సబ్జెక్టు ఈఓసీకి బదులు
- టీఎస్‌ఐఏ (కాలేజీ పాఠాలకు సిద్ధంగా ఉన్నారో లేదో చూసే టెక్సాస్ పరీక్ష): ఆల్జీబ్రా వన్, ఇంగ్లిష్ టూ మాత్రమే, అదీ ఈఓసీ రెండుసార్లు రాసి తప్పినవాళ్లకి. మ్యాథ్స్‌లో 950. ఇంగ్లిష్‌లో 945, వ్యాసానికి 5

లెక్కల్లో చురుగ్గా ఉండి ఈఓసీ రోజు జ్వరంతో రాసిన పిల్లకి ఎస్‌ఏటీ సులువైన దారి. ఇంగ్లిష్ టూ దగ్గర ఆగిపోయినవాళ్లకి నేను ముందు చెప్పేది టీఎస్‌ఐఏ. దానికి టైమ్ లిమిట్ లేదు. పిల్లలు నిదానంగా ఆలోచించి రాసుకోవచ్చు. డాలస్ కాలేజ్, కాలిన్ కాలేజ్, హ్యూస్టన్ సిటీ కాలేజ్ లాంటి చోట్ల రాయొచ్చు. చాలా హైస్కూళ్లలో కూడా పెడతారు.

జరిగే పొరపాటు: స్కోర్ వచ్చింది కదా అని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించి ఊరుకోవడం. అధికారిక స్కోర్ రిపోర్ట్ స్కూల్‌కి చేరాలి. చేరాక ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎక్కిందో లేదో రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి.

7. ఐజీసీ: ఒకటి రెండు ఈఓసీలు మిగిలిపోతే

ఐజీసీ అంటే ఒక్కో విద్యార్థి కోసం వేసే గ్రాడ్యుయేషన్ కమిటీ. 2015లో చట్టంతో మొదలైంది, 2021లో శాశ్వతం చేశారు. ఐదింటిలో రెండుకు మించకుండా బాకీ ఉన్నవాళ్లకే ఇది. మూడు పోతే, కనీసం ఒకటైనా తీర్చుకుని రావాలి. బాకీ ఉన్న ప్రతి పరీక్షా ఒక్కసారైనా రాసి ఉండాలి. క్లాసులన్నీ పాసై ఉండాలి.

కమిటీలో ప్రిన్సిపల్ లేదా ఆయన తరఫువారు, ఆ సబ్జెక్టు టీచర్, ఆ విభాగం పెద్ద టీచర్, తల్లి లేదా తండ్రి ఉంటారు. విద్యార్థికి 18 నిండితే తనే కూర్చోవచ్చు. అందరూ ఒప్పుకుంటేనే డిప్లొమా. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఆ నిర్ణయం మీద అప్పీలు లేదు. అందుకే తయారీ లేకుండా వెళ్లకూడదు.

కమిటీ అడిగేవి రెండు. ఒకటి, ఆ సబ్జెక్టులో అదనపు బోధన పూర్తిచేయడం. రెండు, ఒక ప్రాజెక్టు చేయడమో, ఆ సబ్జెక్టులో చేసిన పనుల ఫైల్ ఇవ్వడమో. ఇవి చూశాక కమిటీ ఇంకా లెక్కలోకి తీసుకునేవి: కోర్సు గ్రేడు, ఈఓసీ స్కోరు, టీచర్ సిఫార్సు, హాజరు, డ్యూయల్ క్రెడిట్ (కాలేజీ క్రెడిట్ కూడా పడేవి) లేదా ఏపీ క్లాసులు, ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్లు, వృత్తి కోర్సులు.

పదకొండో గ్రేడ్ చివర్లోనే కమిటీ వేయమని అడగొచ్చు. అప్పుడు ప్రాజెక్టుకి పన్నెండో గ్రేడ్ అంతా చేతిలో ఉంటుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, అదీ చివరి పరీక్షల హడావిడిలో, చూస్తేనే తెలిసిపోతుంది.

మీటింగ్‌కి తీసుకెళ్లే ఫైల్:

- ఆ సబ్జెక్టులో మంచి మార్కులు వచ్చిన వ్యాసాలు, ల్యాబ్ రిపోర్టులు, టీచర్ వ్యాఖ్యలతో సహా
- ట్యుటోరియల్ గంటల లెక్క, తేదీలతో
- ప్రతి ఈఓసీ ప్రయత్నం స్కోరు వరసగా. పెరుగుతూ వచ్చి ఉంటే అది గట్టి ఆధారం
- కాలేజీ అడ్మిషన్ ఉత్తరం, వృత్తి కోర్సు సర్టిఫికెట్ ఉంటే అవి

హాజరు సంగతి ఒక మాట. డిసెంబర్‌లో ఆరు వారాలు ఇండియా వెళ్లి వచ్చిన కుటుంబాలున్నాయి. పెళ్లిళ్లు, పెద్దవాళ్ల ఆరోగ్యం, నాకు తెలుసు. కానీ ఆ సెలవులు హాజరు శాతంలో కనిపిస్తాయి, డిసెంబర్ రీటెస్ట్ కూడా పోతుంది. ఈఓసీ బాకీ ఉన్న ఏడాది ప్రయాణం వేసవిలో పెట్టుకోండి, అదీ జూన్ పరీక్ష అయ్యాక.

మీటింగ్‌లో తల్లికి ఇంగ్లిష్ మాట్లాడటం ఇబ్బందైతే దుభాషి కావాలని వారం ముందే అడగండి. పిల్లల్నే దుభాషిగా కూర్చోబెట్టకండి. తన మీదే చర్చ జరుగుతుంటే ఆ మాటలన్నీ తనే అమ్మకి చెప్పాల్సి రావడం ఏ పిల్లకీ న్యాయం కాదు.

8. స్పెషల్ ఎడ్యుకేషన్, 504 ఉన్నవాళ్లు

స్పెషల్ ఎడ్యుకేషన్ సేవలు అందుకునే పిల్లలకు ఐజీసీ ఉండదు. వాళ్ల విషయం ఏఆర్‌డీ కమిటీ చూస్తుంది. డిప్లొమాకి ఈఓసీ పాస్ కావాలా వద్దా అన్నది ఆ కమిటీయే నిర్ణయించగలదు. 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూల్ రాసిచ్చే వెసులుబాట్ల పత్రం) ఉన్నవాళ్లకు మాఫీ లేదు, వెసులుబాట్లు ఉంటాయి: అదనపు సమయం, ప్రశ్న చదివి వినిపించడం లాంటివి. వాళ్లకి ఐజీసీ కూడా ఉంది.

ఏళ్ల తరబడి చదవడంలో వెనకబడుతున్న పిల్లని 'బద్ధకం' అని తిట్టేముందు డిస్లెక్సియా ఉందేమో పరీక్షించమని స్కూల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తొమ్మిదో గ్రేడ్‌లో అడిగితే నాలుగేళ్లు సాయం దొరుకుతుంది.

9. మే దాటినా డిప్లొమా రాకపోతే

క్రెడిట్లు పూర్తయి ఈఓసీ మాత్రమే మిగిలితే డిస్ట్రిక్ట్ కోర్సులు పూర్తిచేసినట్టు ఒక సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, వేదిక మీద నడవనివ్వొచ్చు. కానీ అది డిప్లొమా కాదు. ఫోటోలు దిగి, ఆ కాగితాన్ని డిప్లొమా అనుకుని దాచిపెట్టుకున్నవాళ్లున్నారు. స్కూల్ వదిలాక కూడా జూన్, డిసెంబర్‌లలో ఈఓసీ రాయొచ్చు. పాసైన రోజున అసలు డిప్లొమా వస్తుంది. పేరు నమోదు గడువు పరీక్షకి వారాల ముందే ముగుస్తుంది.

ఇంకో దారి జీఈడీ. మ్యాథ్స్, భాష, సైన్స్, సోషల్ నాలుగు పరీక్షలు, ఒక్కోదాంట్లో 145 రావాలి. 18 నిండితే నేరుగా, 17 అయితే తల్లిదండ్రుల అనుమతితో. పాసైతే హైస్కూల్‌కి సమానమైన సర్టిఫికెట్ టీఈఏ ఇస్తుంది. అయితే ఒక్క ఈఓసీ కోసం తొందరపడి స్కూల్ మానేసి దీనికి వెళ్లొద్దు. ఆరో, ఏడో అంచెలు పూర్తిగా ప్రయత్నించాకే.

పరీక్షలన్నీ తీరాక కూడా కొందరిని ఆపేది ఇంకొక కాగితం ఉంది. టెక్సాస్‌లో డిప్లొమాకి కాలేజీ ఆర్థిక సహాయ ఫారం, అంటే ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ గానీ టీఏఎస్‌ఎఫ్‌ఏ గానీ నింపాలి, లేదా వద్దని సంతకం చేసిన ఫారం ఇవ్వాలి. హెచ్ ఫోర్ వీసా (తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడేది) మీద ఉన్న పిల్లలు 'మాకు ఇది వర్తించదు' అని వదిలేస్తారు. వద్దన్న ఫారం కౌన్సెలర్ దగ్గరే ఉంటుంది, ఒక పేజీ. పన్నెండో గ్రేడ్ జనవరిలోనే ఇచ్చేసి, అందినట్టు ఈమెయిల్ తీసుకోండి.